ఎక్స్‌టీతో తొమ్మిదేళ్లు: మిర్చి కొట్టులో వాడిన కంప్యూటర్ గురించి

పొద్దున స్విచ్ వేయగానే ఆ మెషీన్ నన్ను ముందు అడిగేది, ఇవాళ తారీఖేమిటని. దానికి తెలీదు. గడియారం నడిపే బ్యాటరీ లోపల లేదు కాబట్టి, రాత్రి ఆపేస్తే పొద్దునకి మళ్లీ 1980 జనవరి 1కి వెళ్లి కూర్చునేది. అసలు తేదీ మనం కొట్టాలి. అదీ అమెరికా వాళ్ల లెక్కలో, నెల ముందు, రోజు తర్వాత. తొందరలో ఉత్త ఎంటర్ కొట్టేస్తే ఆ రోజు బిల్లులన్నీ 1980లో పుట్టేవి. 1989లో ఒకసారి అదే జరిగింది. గుంటూరు నుంచి మిరపకాయల లారీ దిగిన రోజు. పాతిక బిల్లులు వెళ్లిపోయాక ఒక ఖాతాదారు వెనక్కి వచ్చి, "ఏమ్మా, దీని ప్రకారం నాకు తొమ్మిదేళ్ల వడ్డీ వేస్తారా?" అన్నాడు. ఆయన నవ్వాడు కానీ మా కొట్టు యజమాని శెట్టిగారు నవ్వలేదు.

అప్పటికింకా ఊరి పేరు మద్రాసే. గోవిందప్ప నాయకన్ వీధిలో పప్పులు, మిరపకాయల హోల్‌సేల్ కొట్టు. నెల్లూరులో బీకాం చదివి, ఆరు నెలల కంప్యూటర్ కోర్సు చేసి 1988లో చేరాను. నా కుర్చీ, మెషీను, వెనక గోడ దాకా బస్తాలు. 1997 దాకా రోజూ ఎనిమిది గంటలు దాని ముందే ఉన్నాను కాబట్టి మంచీ చెడూ చెప్పే హక్కు నాకుందనుకుంటాను.

అది పీసీ-ఎక్స్‌టీకి నకలు. ఐబీఎం అసలు ఎక్స్‌టీని 1983లో 10 మెగాబైట్ల హార్డ్ డిస్కుతో తెచ్చింది. మా శెట్టిగారు హార్డ్ డిస్క్ దండగన్నారు. 8088 ప్రాసెసర్, 640 కేబీ మెమరీ, 360 కేబీ ఫ్లాపీ డ్రైవులు రెండు, ఆకుపచ్చ అక్షరాల మానిటర్. ఒక డ్రైవులో పద్దులు దాచి వెతికిపెట్టే ప్రోగ్రాం డీబేస్ త్రీ ప్లస్, రెండో దాంట్లో మా లెక్కలు. ఇవాళ ఫోన్‌లో తీసే ఒక్క ఫోటో ఆ ఫ్లాపీలో పట్టదు. దాంట్లో మా ఖాతాదారులందరూ పట్టారు.

అంటే, పేర్లు పూర్తిగా పట్టలేదు. ప్రోగ్రాం రాసిపెట్టినతను ఖాతాదారు పేరుకి 20 అక్షరాలిచ్చాడు. మన పేర్లు 20లో ఇముడుతాయా? ఇంటిపేరు, తాతపేరు, దేవుడి పేరు అయ్యేసరికి చివర 'శెట్టి' ఊడిపోయేది. ఒక పెద్దాయన బిల్లు పట్టుకుని నేరుగా గల్లాపెట్టె దగ్గరికొచ్చి, "నా శెట్టిని ఎవరు తీసేశారు?" అని నిలదీశాడు. సరే, గడి పెద్దది చేద్దామని డీబేస్‌లో మాడిఫై స్ట్రక్చర్ అనే కమాండ్ కొడితే, అది పాత ఫైలు ఉండగానే పక్కన ఇంకో కాపీ రాసుకుంటుంది. ఫ్లాపీలో దానికి చోటు లేదు. ఆ ఒక్క 'శెట్టి' కోసమే మా కొట్టుకి 20 మెగాబైట్ల హార్డ్ డిస్క్ వచ్చిందంటే ఎవరూ నమ్మరు.

హార్డ్ డిస్క్ వచ్చాక వేగం పెరిగింది, టెన్షన్ అంతకన్నా పెరిగింది. ఆపే ముందు పార్క్ అని కొట్టి, దాని హెడ్డుని ఓ మూలకి పంపాలి. 'టక్' మన్నాకే స్విచ్ తీయాలి. మరిచిపోయి ఇంటికెళ్లిన రాత్రి నిద్ర పట్టేది కాదు. పద్నాలుగు నెలలకి అది పోయింది. ఏడాది మెయింటెనెన్స్ డబ్బు ముందే కట్టించుకున్న కంపెనీ ఇంజనీరు వారానికి వచ్చాడు. మూత తీయగానే లోపలి ఘాటుకి వరసగా తుమ్మి, కన్నీళ్లు తుడుచుకుని, "మిర్చి పొడికి గ్యారంటీ లేదు" అన్నాడు. ఫ్లాపీ డ్రైవు సంగతైతే ఒప్పుకునేదాన్ని. హార్డ్ డిస్క్ మూసిన డబ్బా కదా, అందులోకి మిర్చి ఎలా వెళ్తుంది? నాకు ఇప్పటికీ ఆ కోపం పోలేదు. చివరికి డీబగ్ అనే ప్రోగ్రాంలోకి వెళ్లి 'జీ ఈక్వల్ టు సీ 800 కోలన్ 5' కొట్టి, మొదట్నుంచి ఫార్మాట్ చేసి బతికించాడు. ఆ మంత్రం కాగితం మీద రాసి గోడకి అంటించుకున్నాను. తర్వాత రెండుసార్లు నేనే చేశాను.

డీబేస్‌తో నాకు పేచీ ఒక్కటే. బిల్లులు కొడుతుండగా కరెంటు పోయిందా, ఆ బిల్లులు డిస్కు మీదే ఉన్నా కనిపించేవి కావు. మొత్తం ఎన్ని రికార్డులున్నాయో ఫైలు మొదట్లో రాసుకుంటుంది, ఫైలు మూసినప్పుడే ఆ అంకె మారుస్తుంది. మూయకముందే కరెంటు పోతే పాత అంకే ఉంటుంది, కొత్తవి లెక్కలోకి రావు. ఎండాకాలం మధ్యాహ్నాలు ఇలా ఎన్ని బిల్లులు తిరిగి కొట్టానో. ఆ తర్వాత పది బిల్లులకోసారి ఫైలు మూసి తెరవడం అలవాటు చేసుకున్నాను.

మా గుమాస్తాగారికి దాని మీద నమ్మకం లేదు. మూడేళ్లపాటు ఆయన చిట్టా (రోజువారీ పద్దు), ఆవర్జా (ఖాతాల పుస్తకం) ఆయనవే, నా ప్రింటవుట్లు నావే. బాకీల జాబితా తీయడానికి ఆయనకి నాలుగు రోజులు, మెషీన్‌కి టీ తాగొచ్చేంత సేపు. ఆ జాబితాని మళ్లీ ఆయన ఎర్ర పెన్సిల్‌తో వరసన సరిచూసేవారు. అప్పటిదాకా కొందరు దీపావళికి, కొందరు ఉగాదికి లెక్కలు ముగించేవారు. 1989లో ఆదాయపు పన్ను కోసం అందరికీ మార్చి 31 అయింది. ఆ మొదటి మార్చిలో నా మొత్తానికీ ఆయన మొత్తానికీ 90 రూపాయలు తేడా. మెషీన్ తప్పు చేయదు, మీ కూడికే తప్పు అన్నాను, అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు మరి. ఆయన కళ్లద్దాలు తీసి, "తేడా తొమ్మిదితో పోతోంది అమ్మాయ్. ఎక్కడో పక్కపక్క అంకెలు తారుమారు చేశావ్, చూసుకో" అన్నారు. రెండు గంటలు వెతికితే దొరికింది. 451 బదులు 541 కొట్టాను. మెషీన్ 541ని చక్కగానే కూడింది, పాపం.

కీబోర్డు గురించి వేరే చెప్పక్కర్లేదు. కీ దిగినట్టు వేలికి తెలిసేది. తర్వాత వాడిన వాటిల్లో ఆ సుఖం లేదు. వర్డ్‌స్టార్‌లో ఉత్తరాలు కొట్టేటప్పుడు సేవ్ చేయడానికి కంట్రోల్-కే-ఎస్ కొట్టే అలవాటు ఎంత ముదిరిందంటే, ఇప్పుడు కూడా కంగారులో చెయ్యి అటే పోతుంది.

కానీ మా కొట్టులో గౌరవమంతా ప్రింటర్‌దే. ఎల్‌ఎక్స్-800, తొమ్మిది సూదుల డాట్ మ్యాట్రిక్స్. దాని చప్పుడుకి బయట హమాలీలు కూడా బిల్లయిందని లేచేవారు. ఆయుధ పూజ నాడు గంధం, కుంకుమ ముందు దానికే. సూదులు రిబ్బన్ మీద కొడతాయి కాబట్టి కార్బన్ పెట్టి ఒకేసారి మూడు ప్రతులు తీసేవాళ్లం: ఖాతాదారుకొకటి, లారీకొకటి, మాకొకటి. రిబ్బన్ పాలిపోతే స్టాంప్ ప్యాడ్ ఇంకు పూసి ఎన్నోసార్లు నడిపించాం. దానికి 15 అనే కోడ్ పంపితే అక్షరాలు సన్నబడి, 80 పట్టే వరసలో 137 పట్టేవి. ఆవర్జా అంతా మామూలు కాగితం మీద వచ్చేసేది. ఆ సన్నటి అక్షరాలు చూశాకే గుమాస్తాగారు మెషీన్‌ని కొంచెం మెచ్చుకున్నారు.

1997లో కొత్త మెషీన్ కొని, ఎక్స్‌టీని ఎలక్ట్రానిక్స్ కొట్లుండే రిచీ స్ట్రీట్‌లో దాదాపు ఇనుము ధరకి ఇచ్చేశాం. ఫ్లాపీలు ఇంటికి తెచ్చుకున్నాను. సముద్రపు తేమకి అన్నిటికీ బూజు పట్టింది, ఒక్కటీ చదవలేదు. పాత ప్రోగ్రాం, ప్రింటర్ మాత్రం కొత్త మెషీన్‌తోనే నడిచాయి. నేను మానేసిన రెండేళ్లకి అక్కడి కుర్రాడు ఫోన్ చేశాడు. "అక్కా, అక్షరాలు సన్నగా రావడానికి మీరేదో నంబరు కొట్టేవారంట కదా?"

"పదిహేను" అన్నాను.