ఆటోక్యాడ్ లేఅవుట్లు: ఇంటి ప్లాన్లు గీసేవాళ్ళ కోసం కడప నుంచి నా రివ్యూ

ఇది ఆటోక్యాడ్ (కంప్యూటర్లో ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్) మొత్తానికి రివ్యూ కాదు. కింద మోడల్ అనే ట్యాబ్ పక్కన లేఅవుట్1, లేఅవుట్2 అని ఉంటాయి కదా, వాటి గురించే రాస్తున్నా. మా కడపలో నేను చూసిన ఆఫీసుల్లో చాలామంది వాటిని ముట్టుకోరు, అంతా మోడల్ లోనే గీసి దాని చుట్టూ బార్డర్ బాక్స్ పెట్టి విండో ఆప్షన్ తో ప్లాట్ (అంటే ప్రింట్) కొట్టేస్తారు. ఒక్క షీటుంటే సరే. ఇంటికి ఏడెనిమిది షీట్లు ఉన్నప్పుడే తంటా అంతా.

ఎర్రముక్కపల్లి దగ్గర ఒక 30×50 అడుగుల ఇంటి ఫైలు వేరే ఆఫీసు నుంచి నా దగ్గరికి వచ్చింది. తెరిస్తే మోడల్ లో అదే ప్లాన్ వరసగా కాపీలు, ఫర్నిచర్ కి ఒకటి, కరెంటుకి ఒకటి, ప్లంబింగ్ కి ఇంకోటి. ఓనరమ్మ వంటింటి కిటికీ జరపమంటే వర్కింగ్ ప్లాన్ లో జరిపారు, కరెంటు కాపీలో జరపలేదు, దాంతో కరెంటు షీటులో స్విచ్ బోర్డు చూపించిన గోడే ఇప్పుడు కిటికీ. మేస్త్రి రెండు పేపర్లూ పట్టుకోని "ఏం సార్, దీంట్లో గోడుంది, దీంట్లో కిటికీ ఉంది, ఏది జూసి కట్టల్ల?" అన్నాడు. ఆయన అడిగిన దాంట్లో తప్పేముంది చెప్పండి.

లేఅవుట్ వాడితే ఈ బాధ ఉండదు. ఇల్లు మోడల్ లో ఒక్కసారే, అసలు సైజులో గీస్తాం. ప్రతి లేఅవుట్ ఒక కాగితం, దాంట్లో వ్యూపోర్ట్ అనే డబ్బా పెడితే అందులోంచి మోడల్ లోని ఇల్లు కనపడుతుంది. కిటికీ మోడల్ లో ఒక్కసారి జరిపితే అన్ని షీట్లలోనూ జరిగినట్టే. కరెంటు షీటులో సోఫాలు, మంచాలు అక్కర్లేదు అనుకో, వ్యూపోర్ట్ లోపల డబుల్ క్లిక్ చేసి లేయర్ల (గీతల్ని రకాలవారీగా విడదీసి పెట్టుకునే పొరల) లిస్టులో ఫర్నిచర్ లేయర్ కి వీపీ ఫ్రీజ్ కొట్టాలి, ఆ ఒక్క వ్యూపోర్ట్ లోనే మాయమైతుంది, మిగతా షీట్లలో అట్లే ఉంటుంది. నాకు మొత్తం ఆటోక్యాడ్ లో బాగా నచ్చిన పని ఇదే. కాకపోతే లేయర్లు పద్ధతిగా ఉండాల, అన్నీ జీరో లేయర్ లో గీసేవాళ్ళకి ఇది ఏమాత్రం పనికిరాదు.

స్కేలు సంగతి కొంచెం వివరంగా చెప్తా, అందరూ ఇక్కడే విసుగొచ్చి వదిలేస్తారు. మనం అడుగులు అంగుళాల్లో గీస్తాం కాబట్టి పేజ్ సెటప్ లో కూడా ఇంచెస్ పెట్టుకోవాల. మిల్లీమీటర్లు ఉంటే వ్యూపోర్ట్ కి స్కేలు ఇవ్వగానే ఇల్లు 25.4 రెట్లు చిన్నదైపోయి ఒక మూల చుక్కలాగా కనపడుతుంది, సాఫ్ట్‌వేర్ పాడైందని అనుకుంటారు. ఇంచెస్ లో పెట్టి అంగుళానికి నాలుగడుగుల స్కేలు ఇస్తే, అంటే 1:48, ఆ 30×50 ఇల్లు కాగితం మీద ఏడున్నర అంగుళాలు బై పన్నెండున్నర వస్తుంది, నిలువు ఏ3 లో కొలతలకీ టైటిల్ బ్లాక్ కీ చోటు ఉంచి హాయిగా పడుతుంది. అదే మోడల్ లోంచి వంటింటిని మాత్రం అంగుళానికి రెండడుగుల చొప్పున ఇంకో షీటులో పెద్దగా చూపించొచ్చు, గట్టు కొలతలు, అరలకి వేసే కడప బండ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో అంతా స్పష్టంగా తెలుస్తుంది. కొలతలు నేనైతే మోడల్ లోనే అనోటేటివ్ (స్కేలుని బట్టి అక్షరాల సైజు తనే సర్దుకునే సెట్టింగ్) పెట్టి ఇస్తా, రెండు స్కేళ్ళూ వాటికి జత చేస్తే రెండు షీట్లలోనూ అక్షరాలు ఒకే సైజులో వస్తాయి. ఇది 2008 వెర్షన్ నుంచి ఉంది. టైటిల్ బ్లాక్, నోట్స్, ఉత్తరం గుర్తు మాత్రం పేపర్ స్పేస్ లోనే, అంటే లేఅవుట్ కాగితం మీదే.

మైనస్ ఏందంటే మామూలుగా వ్యూపోర్ట్ పెట్టగానే లాక్ అయ్యి ఉండదు. లోపల ఉండగా మౌస్ చక్రం కొంచెం తిప్పితే చాలు స్కేలు పోతుంది, చూడ్డానికి బాగానే ఉంటుంది కాబట్టి ఎవరూ కనిపెట్టరు. స్కేలు ఇచ్చిన వెంటనే లాక్ చేయండి, ఆ తర్వాత లోపల జూమ్ చేసినా కాగితమే జూమ్ అవుతుంది, స్కేలు కదలదు. ఇంకోటి, వ్యూపోర్ట్ గీతకి వేరే లేయర్ పెట్టి దాన్ని ప్రింట్ కాకుండా చేసుకోవాల, లేకపోతే ప్లాన్ చుట్టూ అక్కర్లేని డబ్బా ఒకటి వస్తుంది. లాఫ్ట్ చుక్కల గీతలు సాదా గీతల్లాగా కనపడితే కంగారు పడొద్దు, కమాండ్ లైన్ లో పీఎస్ఎల్‌టీస్కేల్ 1 పెట్టి, ఎల్‌టీస్కేల్ కూడా 1 పెట్టి రీజెన్‌ఆల్ కొట్టండి.

పేపర్ స్పేస్ 1990 లో రిలీజ్ 11 తోనే వచ్చింది, అప్పుడు ఫైలుకి ఒక్కటే ఉండేది, ఎన్ని కావాలంటే అన్ని లేఅవుట్లు పెట్టుకునే వీలు ఆటోక్యాడ్ 2000 తో వచ్చింది. ఇన్నేళ్ళైనా మన దగ్గర నేర్పించేవాళ్ళు దీన్ని చివరి రోజు పైపైన చూపించి వదిలేస్తుంటే బాధేస్తుంది, పిల్లలు ఉద్యోగంలో చేరినాక వేరేవాళ్ళ ఫైలు తెరిచి తికమక పడతారు.

నా రేటింగ్ 5కి 4.5, ఆ అర మార్కు లాక్ సంగతికే. ఎల్‌టీ వెర్షన్ (తక్కువ ధరకొచ్చే చిన్న ఆటోక్యాడ్) లోనూ లేఅవుట్లు ఉన్నాయి, ఇంటి ప్లాన్లకి అది సరిపోతుంది. స్కేలు వ్యూపోర్ట్ లోనే ఇచ్చేశాం కాబట్టి లేఅవుట్ నుంచి ప్లాట్ ఎప్పుడూ 1:1 లోనే ఇవ్వండి, షీట్లన్నీ పబ్లిష్ కమాండ్ తో ఒకే పీడీఎఫ్ చేసి తీసుకుపోండి, ప్రింట్ షాపులో "ఫిట్ పెట్టొద్దన్నా, యాక్చువల్ సైజే" అని దగ్గరుండి చెప్పండి, వాళ్ళు అలవాటుగా ఫిట్ కొట్టేస్తారు, దాంతో కాగితానికి సరిపెట్టడానికి సైజు మారిపోతుంది. కాగితం చేతికి రాగానే కొలబద్ద పెట్టి ఒక గది కొలవండి, 1:48 షీటులో పన్నెండడుగుల గది మూడంగుళాలు రావాల, రాకపోతే అక్కడే మళ్ళీ తీయించుకోండి.