దక్షిణాది గెలిచి ఉంటే గీత ఎక్కడ పడేది? మూడు మ్యాపుల్లో ఏది మేలు?

అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది నెగ్గి వేరే దేశమై ఉంటే ఎలా ఉండేదని మ్యాపులు గీసేవాళ్లలో చాలామంది సరిహద్దును ఒహాయో నది మీదుగా లాగేస్తారు. చూడ్డానికి బాగుంటుంది, నది సహజమైన హద్దు కూడా. అలా గీస్తే నదికి దక్షిణాన ఉన్న కెంటకీ దక్షిణాదిలో పడుతుంది. కాన్ఫెడరసీ, అంటే విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల కూటమి, జెండాలో 13 నక్షత్రాలుండేవి: విడిపోయిన 11 రాష్ట్రాలకు తోడు కెంటకీ, మిస్సోరీలకు చెరొకటి. కానీ జెండాలో నక్షత్రం పెట్టినంత మాత్రాన రాష్ట్రం చేతికి రాదు. 1861 సెప్టెంబరులో దక్షిణాది సైన్యం కెంటకీలోని కొలంబస్‌ను ఆక్రమించగానే, అంతవరకూ తటస్థంగా ఉన్న ఆ రాష్ట్రం యూనియన్ (ఉత్తరాది) వైపు తిరిగింది. కెంటకీ పోతే ఆట మొత్తం పోయినట్టేనని అమెరికా అధ్యక్షుడు లింకన్ అదే నెలలో ఒక ఉత్తరంలో రాశాడు. అలాంటి రాష్ట్రాన్ని సంధిలో ఊరికే వదులుకుంటాడా? ఈ మ్యాప్‌ను నేను నమ్మను.

రెండో మ్యాప్ 11 రాష్ట్రాల పాత హద్దులది. విడిపోయే హక్కు రాష్ట్రాలదే అన్నది దక్షిణాది వాదన కాబట్టి వాళ్లు అడిగేదీ ఇదే. చిక్కల్లా కొండ ప్రాంతాల దగ్గర వస్తుంది. వర్జీనియా పశ్చిమ భాగం జనం వీలింగ్‌లో సమావేశమై వర్జీనియా నుంచే విడిపోయారు, 1863 జూన్‌లో వెస్ట్ వర్జీనియా అయ్యారు. తూర్పు టెన్నెస్సీ జనం కూడా యూనియన్‌లోనే ఉంటామని ఓటేశారు. వాళ్లకు దక్షిణాది చెప్పిన జవాబు సైన్యాన్ని దించడం. రైలు వంతెనలు తగలబెట్టిన కొందరిని ఉరి తీశారు కూడా. పాత హద్దుల మ్యాప్‌లో ఈ జనం కనిపించరు.

మూడోది సైన్యాలు నిలిచిన చోటే గీత గీయడం. నా ఓటు దీనికే. 1862 సెప్టెంబరులో యాంటీటమ్ యుద్ధం దక్షిణాది వైపు మొగ్గి, బ్రిటన్, ఫ్రాన్స్ మధ్యవర్తిత్వానికి దిగాయనుకుందాం. బ్రిటిష్ మంత్రులు అప్పట్లో ఆ ఆలోచన గట్టిగానే చేశారు. అప్పటికే నాష్‌విల్, న్యూ ఆర్లీన్స్, మెంఫిస్ యూనియన్ చేతిలో ఉన్నాయి. బేరం అక్కడ మొదలవుతుంది. న్యూ ఆర్లీన్స్ లేకుండా దక్షిణాది సంతకం పెట్టదు. కాబట్టి ఆ నగరం వెనక్కి వెళ్తుంది, బదులుగా వెస్ట్ వర్జీనియా, కెంటకీ, మిస్సోరీల మీద వాళ్లు ఆశ వదులుకుంటారు. మిసిసిపీ నది మీద రాకపోకలకు అడ్డుండదని 1861 ఫిబ్రవరిలోనే వాళ్లే చట్టం చేశారు కనుక అక్కడ పెద్ద గొడవ రాదు. అసలు పోట్లాట టెన్నెస్సీ మీదే.

అయితే ఈ మ్యాప్‌లోనూ నాకు మనసు పట్టేది ఒక చిన్న చుక్క దగ్గర: ఫోర్ట్ మన్రో. వర్జీనియా తీరంలోనే ఉన్నా యుద్ధమంతా యూనియన్ చేతిలోనే ఉన్న కోట అది. 1861 మే 23 రాత్రి ఫ్రాంక్ బేకర్, షెపర్డ్ మాలరీ, జేమ్స్ టౌన్‌సెండ్ అనే ముగ్గురు బానిసలు పడవలో అక్కడికి చేరారు. దక్షిణాది సైన్యం వాళ్లచేత ఫిరంగుల గట్లు కట్టిస్తోంది. మర్నాడు దక్షిణాది అధికారి ఒకడు వచ్చి, పారిపోయిన బానిసలను తిరిగి అప్పగించాలన్న చట్టం ప్రకారం వాళ్లను ఇచ్చేయమన్నాడు. కోటలోని యూనియన్ సేనాధిపతి జనరల్ బట్లర్ కుదరదన్నాడు. వర్జీనియా తనది వేరే దేశం అంటోంది కదా, అమెరికా చట్టం దానికెలా వర్తిస్తుందన్నది ఆయన వాదన.

విడిపోవడం నెగ్గితే బట్లర్ అన్న ఈ మాట సరిహద్దు పొడవునా వర్తిస్తుంది. ఆ 11 రాష్ట్రాల్లో దాదాపు 35 లక్షల మంది బానిసలున్నారు. గీత ఎక్కడ పడిందన్నది వాళ్లకు ఎంత దూరం నడవాలన్న ప్రశ్న. గీత దాటి కెంటకీ చేరినా బెంగ తీరదు, 1865 డిసెంబరు దాకా అక్కడా బానిసత్వం చట్టబద్ధమే. కోటకు చేరినవాళ్ల పరిస్థితి వేరు. 1862 చివరికి దాని చుట్టుపక్కల వేలమంది బతుకుతున్నారు. సంధిలో దక్షిణాది ఆ కోటను తప్పకుండా అడుగుతుంది. న్యూ ఆర్లీన్స్ ఇచ్చేసినా సరే, నా మ్యాప్‌లో ఫోర్ట్ మన్రో మాత్రం యూనియన్ రంగులోనే ఉంటుంది.