మెత్తటి పిడి చూసి టిన్ ఓపెనర్ కొనకండి: బెంగళూరు కొనుగోలుదారులకు హెచ్చరిక

బెంగళూరులో టిన్ ఓపెనర్ కొనాలనుకుంటున్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. లావుపాటి రబ్బరు పిడులతో, అట్ట మీద "సేఫ్టీ" అన్న పెద్ద అక్షరాలతో, "పెద్దవాళ్ల చేతులకు హాయి" అన్న హామీతో అమ్మిన ఓపెనర్ ఒకటి మా అత్తయ్య అరచేతిని చీల్చింది. నన్ను అంతకంటే ఎక్కువ భయపెట్టిన విషయం మరొకటి ఉంది. ఆ ఓపెనర్ మేము తినబోయే పదార్థంలో లోహపు ముక్కలు వదిలింది. చిక్‌పేట వైపు సామాన్ల దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ ఇదే రూపంలో ఉన్నవి చాలా కనిపిస్తున్నాయి. అన్నీ చెడ్డవని నేను అనడం లేదు. మంచిదేదో, ప్రమాదకరమైనదేదో పిడిని చూసి చెప్పలేమని మాత్రం గట్టిగా అంటున్నాను.

మా ఇంట్లో డబ్బాల వాడకం ఎక్కువే. చిత్తూరు వైపు ఫ్యాక్టరీల నుంచి వచ్చే తోతాపురి మామిడి గుజ్జు డబ్బాలు బంధువులు తెచ్చి ఇస్తుంటారు. కేసరిబాత్‌లోకి పైనాపిల్ ముక్కలు, పాయసంలోకి చిక్కటి పాలు కూడా డబ్బాల్లోనే వస్తాయి. పాల డబ్బాల్లో కొన్నింటికి ఇప్పుడు లాగి తీసే రింగు ఉంటోంది కానీ, గుజ్జు డబ్బాలకు చాలావాటికి ఉండదు. అత్తయ్యకు బొటనవేలి కీళ్లలో నొప్పి. పొడిచి, పైకి ఎత్తుతూ, అంగుళం అంగుళంగా కోసే పాత రకం ఆవిడ వాడలేరు. అందుకే తిప్పితే కోసే చక్రం రకం కొన్నాం. "ఇది బయటి దేశం సరుకమ్మా, పదేళ్లయినా పదును పోదు" అని దుకాణదారు తెలుగులోనే నమ్మకంగా చెప్పారు.

పాల డబ్బాలు బాగానే కోసింది. గుజ్జు డబ్బా దగ్గరికి వచ్చేసరికి దాని బండారం బయటపడింది. సగం చుట్టు అయ్యాక, చేత్తో తిప్పే కీ తిరుగుతోంది కానీ డబ్బా కదలడం లేదు. పట్టు దొరకడం కోసం అత్తయ్య పిడులను ఇంకాస్త నొక్కారు. డబ్బా పక్కన నిలువుగా అతుకు గీత ఉంటుంది కదా, సరిగ్గా అక్కడ చక్రం ఎగిరి అంచు మీద నుంచి జారిపోయింది. ఆ ఊపుకు, సగం తెగి పైకి లేచి ఉన్న మూత అంచు ఎడమ అరచేతిలో మణికట్టు వైపు దిగింది. కుట్లు పడ్డాయి, టెటనస్ ఇంజక్షన్ వేశారు. గాయం మానింది. కానీ ఆవిడ ఇప్పటికీ డబ్బా ముట్టుకోవాలంటే జంకుతున్నారు.

ఆస్పత్రి నుంచి వచ్చాక గుజ్జును గిన్నెలోకి వంపుతుంటే ఏదో తళుక్కుమంది. టీ జల్లెడలో వడకట్టాను. వెంట్రుక కంటే కాస్త లావున్న లోహపు పోగులు, చివర సూదిలా మొనదేలినవి, జల్లెడ వలకు గుచ్చుకుని కనిపించాయి. చిక్కటి పసుపు గుజ్జులో అవి పైకి కనబడవు, చెంచాకు తగలవు. అది పిల్లల గ్లాసుల్లోకి వెళ్లాల్సిన గుజ్జు. డబ్బా మొత్తం పారబోశాను. వడకట్టి వాడదామన్న ఆలోచన మీలో ఎవరికీ రావద్దు. ఎంత సన్నటి ముక్క జల్లెడ దాటిందో ఎవరు చెప్పగలరు?

తరువాత ఆ ఓపెనర్‌ను వెలుతురులో పెట్టి చూశాను. ఇలాంటి ఓపెనర్‌లో రెండు చక్రాలు ఉంటాయి. ఒకటి రేకును కోసేది. రెండోది పళ్లున్నది, డబ్బా అంచును కింది నుంచి పట్టుకుని ముందుకు నడిపేది. కోసే చక్రం ఉన్న ఓపెనర్‌కు 1870లోనే అమెరికాలో పేటెంట్ వచ్చింది. జారిపోతోందన్న ఇబ్బంది తీర్చడానికి 1925లో దానికి పళ్ల చక్రం జోడించారు. అంటే వందేళ్ల కిందటే తీరిన సమస్య ఇది. మేము కొన్నదాంట్లో ఆ పళ్ల చక్రమే మెత్తటి లోహంతో చేశారు. కొద్దిపాటి వాడకానికే పళ్లు అరిగి గుండ్రంగా అయిపోయాయి. కోసే చక్రం రివెట్ మీద అటూ ఇటూ ఊగుతోంది. దాని పైపూత పొలుసులుగా లేస్తోంది. అది రేకును కోయలేదు, నలిపి చించింది. జల్లెడలో తేలిన పోగులకు కారణం అదే.

నొప్పి ఉన్న చేతులకు హాయిగా ఉండేది మెత్తటి పిడి అనుకుంటాం. నిజానికి హాయి చక్రాల్లో ఉంటుంది. చక్రాలు అంచును గట్టిగా పట్టుకుంటే పిడిని అంతగా పిసకనక్కరలేదు, కీ తేలికగా తిరుగుతుంది. పట్టు లేకపోతే ఎంత రబ్బరు తొడిగినా బలమంతా మన వేళ్లే పెట్టాలి. కాబట్టి దుకాణంలో పిడిని వదిలేసి ముందు చక్రాలు చూడండి. పిడులు మూసి వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటే రెండు చక్రాల మధ్య సందు ఎక్కువగా ఉందేమో తెలుస్తుంది. గోటితో నెట్టితే కోసే చక్రం ఊగకూడదు. కీ ఒక పూర్తి చుట్టు తిప్పండి, ఎక్కడా పట్టేసినట్టు, వదులైనట్టు ఉండకూడదు. వెనకవైపు రెండు చిన్న గేర్లు ఒకదానితో ఒకటి కలిసి తిరిగే రకం మేలు, ఎందుకంటే అందులో రెండు చక్రాలూ కలిసే నడుస్తాయి. కీ పొడవుగా ఉంటే కీళ్ల నొప్పి ఉన్నవాళ్లకు తిప్పడం సులువు. అన్నిటికంటే మంచిది, ఒక డబ్బా వెంట తీసుకెళ్లి అక్కడే కోసి చూపించమనడం. సిగ్గుపడాల్సిన పని లేదు. సరుకు మీద నమ్మకమున్న దుకాణదారు ఒప్పుకుంటారు.

అయస్కాంతం అంటుకుంటే అది నాసిరకం ఉక్కు అని కొందరు చెబుతారు. గిన్నెల సంగతి ఎలా ఉన్నా కోసే చక్రానికి ఆ పరీక్ష చెల్లదు. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలుకు అయస్కాంతం సాధారణంగా అంటుకోదు, కానీ దాన్ని వేడిచేసి చల్లార్చి గట్టిపరచడం కుదరదు. పదును నిలిచే 420 లాంటి స్టీలుకు అయస్కాంతం అంటుకుంటుంది. "మొత్తం 304" అని అట్ట మీద గొప్పగా రాసి ఉంటే, కోసే చక్రం దేనితో చేశారో అడగండి.

పక్క నుంచి కోసే రకం మరొకటి ఉంది. అది మూతను లోపలివైపు కోయకుండా, డబ్బాకూ మూతకూ వేసిన మడతను బయటి నుంచి కోసి విడదీస్తుంది. సరిగ్గా చేసినదైతే అంచులు చేతికి కోసుకోవు, మూత గుజ్జులో మునగదు. మా ఇంట్లో ఇప్పుడు అదే వాడుతున్నాం, అత్తయ్యకు అదే నయం. దానితోనూ ఒక జాగ్రత్త తప్పదు. ఒక చుట్టు పూర్తి కాగానే ఆపేయాలి. తెగిన చోటే మళ్లీ తిప్పితే అందులోంచి కూడా పోగులు లేస్తాయి. ఏ రకమైనా నిలువు అతుకు దాటిన తరువాత మొదలుపెట్టండి, అక్కడ రేకు పొరలు ఎక్కువ. మధ్యలో జారితే బలం పెట్టకుండా ఆపేయండి. సగం తెరిచిన మూతను వేళ్లతో వంచకండి. వాడిన వెంటనే చక్రాల మధ్య ఇరుక్కున్న గుజ్జును బ్రష్‌తో కడిగి, తుడిచి ఆరబెట్టాలి.

ఇక దుకాణం సంగతి. తిరిగి తీసుకెళ్తే "వాడిన వస్తువు వాపసు తీసుకోమమ్మా, గట్టిగా నొక్కి ఉంటారు" అన్నారు. గాయపడిన మనిషినే తప్పు పట్టడం నాకు చాలా కోపం తెప్పించింది. అప్పుడు అట్టను మళ్లీ చదివాను. ప్యాకెట్ మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, గరిష్ఠ ధర, తయారైన నెల, సంవత్సరం, ఫిర్యాదు చేయడానికి వివరాలు ఉండాలని 2011 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనలు చెబుతున్నాయి. దిగుమతి సరుకైతే ఏ దేశానిదో కూడా రాయాలి. దీని మీద ధర స్టిక్కర్ తప్ప ఏదీ లేదు. బిల్లులో గడువేదీ రాయకపోతే, లోపమున్న సరుకును 30 రోజుల్లో వెనక్కి తీసుకోవడానికి నిరాకరించడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అక్రమ వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే. మా దగ్గర బిల్లు ఉంది కాబట్టి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాం. తెలుగులో మాట్లాడవచ్చు. ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లు ముందు ఆ సంస్థ ఫిర్యాదుల అధికారికి రాయండి. 2020 నిబంధనల ప్రకారం వాళ్లు 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి.

ఫిర్యాదు తరువాత డబ్బు తిరిగి ఇచ్చారు. అయితే మిగిలిన సరుకును అమ్మకం నుంచి తీసేయమని అడిగితే మాత్రం జవాబు లేదు. నేను చివరిసారి చూసినప్పుడు అవి గల్లాపెట్టె పక్కనే వేలాడుతున్నాయి: ఎర్ర అట్ట, నల్లటి లావు పిడులు, వెనకవైపు ధర స్టిక్కర్ ఒక్కటే. ఇలాంటిది కనిపిస్తే కొనకండి. ఇప్పటికే ఇంట్లో ఉంటే దాని పళ్ల చక్రాన్ని ఈ రోజే ఒకసారి చూడండి.