ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు హీటింగ్ స్టేజ్ కోసం సిరామిక్ హీటర్ పలక: వాడకందారు సమీక్ష

స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకు సొంతంగా ఒక చిన్న హీటింగ్ స్టేజ్ (నమూనాను వేడిచేస్తూ చూడడానికి దాని కింద ఉండే పీఠం) తయారు చేసుకోదలచిన ప్రయోగశాలలకు, ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు దొరికే అల్యూమినా సిరామిక్ హీటర్ పలకను నేను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. అల్యూమినా పొరల మధ్య టంగ్‌స్టన్ పూతను అచ్చువేసి, అన్నిటినీ కలిపి కాల్చి తయారుచేసిన పలక కావడంతో, ఇందులో శూన్యంలో ఆవిరై మైక్రోస్కోపులోని నమూనా గదిని మలినపరిచే జిగురు ఏదీ లేదు.

పలకతో వచ్చిన తీగల సంగతి వేరు. నాకు అందిన వాటి ప్లాస్టిక్ తొడుగు వేడికి మెత్తబడి వాసన వేసింది. దాన్ని పూర్తిగా ఒలిచేసి, తీగలకు చిన్న సిరామిక్ పూసలు గుచ్చాను. విక్రేత ఈ విషయం ముందే చెప్పి ఉండవలసింది.

శూన్యంలో గాలి వేడిని మోసుకుపోదు కనుక కొద్దిపాటి విద్యుత్తుతోనే పలక బాగా వేడెక్కుతుంది. అయితే చల్లగా ఉన్నప్పుడు టంగ్‌స్టన్ నిరోధం తక్కువగా ఉండి, 300 డిగ్రీల సెల్సియస్‌కు చేరేసరికి రెట్టింపు దాటుతుంది. అందువల్ల మొదట్లో కరెంటు ఒక్కసారిగా ఎక్కువ ప్రవహించకుండా వోల్టేజీని మెల్లగా పెంచడం తప్పనిసరి. సరఫరా డీసీ అయి ఉండాలి, రెండు తీగలనూ ఒకదానితో ఒకటి మెలిపెట్టాలి. లేకుంటే వాటి అయస్కాంత క్షేత్రం ఎలక్ట్రాన్ పుంజాన్ని కదిలించి చిత్రం అంచులను అలల్లా వంకర చేస్తుంది. అల్యూమినా విద్యుద్బంధకం కాబట్టి ఎలక్ట్రాన్లు తగిలిన చోట ఆవేశం పేరుకుంటుంది. పైన పలుచని రాగి రేకు కప్పి ఎర్త్ చేశాక ఆ ఇబ్బంది తొలగింది. ఇత్తడి మరలు మాత్రం వాడకూడదు, అందులోని జింకు వేడికి శూన్యంలో ఆవిరవుతుంది.

ఉష్ణోగ్రత విషయంలో అత్యంత జాగ్రత్త అవసరం. పలకకు తగిలించిన థర్మోకపుల్ (ఉష్ణోగ్రతను కొలిచే జంట లోహపు తీగలు) చూపేది పలక వేడిని, నమూనా వేడిని కాదు. 156.6 డిగ్రీల వద్ద కరిగే ఇండియం, 231.9 వద్ద కరిగే తగరం తునకలను నమూనా స్థానంలో ఉంచి సరిచూశాను. తగరం తునక పదునైన మూలలు సడలేసరికి థర్మోకపుల్ మీటరు సుమారు 250 చూపింది. పైనున్న ఆక్సైడ్ పొర కరిగిన లోహపు ఆకారాన్ని కొంతసేపు పట్టి ఉంచుతుంది కాబట్టి ఈ పరీక్షను తొందరపడకుండా, వేడిని అతి నెమ్మదిగా పెంచుతూ చేయాలి.

టంకం లోహాలు, పాలిమర్లు, తక్కువ ఉష్ణోగ్రతలో కరిగే మిశ్రమలోహాల అధ్యయనానికి ఈ అమరిక చక్కగా సరిపోతుంది. ఉక్కులో 727 డిగ్రీల వద్ద మొదలయ్యే స్ఫటిక నిర్మాణ మార్పును చూడాలంటే మాత్రం, ఎర్రగా కాలిన నమూనా వెలుగు, చిత్రం కోసం ఎలక్ట్రాన్లను పట్టే డిటెక్టరును ముంచేయకుండా కవచాలతో వచ్చే స్టేజ్‌నే కొనుక్కోవాలి.