బొలెరో పికప్‌లో స్టీరియో: 82 వేల కిలోమీటర్ల తర్వాత ఏది నిలిచింది, ఏది మళ్లీ విప్పాల్సి వచ్చింది

బండి మహీంద్రా బొలెరో పికప్, సింగిల్ క్యాబ్. తిరుగుడంతా బెంగళూరులో యశవంతపుర యార్డు, కలాసిపాళ్య. వారానికి రెండుసార్లు కోలారు మీదుగా మదనపల్లె, నెలకోసారి చెన్నై. సెట్ బిగించి రెండున్నరేళ్లయింది. ఖర్చు మొత్తం 43,000 రూపాయలు. బటన్లున్న సింగిల్ డిన్ డెక్‌కి (ఒక్క వరస ఎత్తుండే స్టీరియో) 9,500, డోర్లలో ఆరున్నర అంగుళాల కాంపొనెంట్ స్పీకర్లకి (సన్నటి శబ్దాల ట్వీటర్ విడిగా ఉండేవి) 6,000, రెండు ఛానళ్ల యాంప్‌కి 6,500, సీటు కింది 8 అంగుళాల పవర్డ్ సబ్‌వూఫర్‌కి (సొంత యాంప్ ఉన్న బేస్ పెట్టె) 12,500, వైరింగ్‌కి 2,800, డోర్ రేకు అదురు తగ్గించే డ్యాంపింగ్ షీట్లకి 3,200, కూలి 2,500.

ఇందులో రూపాయికి రూపాయిన్నర ఫలితం ఇచ్చినవి రెండే: డోర్లకి పెట్టిన 3,200, వైరుకి పెట్టిన 2,800. జేసీ రోడ్డులో ఏ షాపుకెళ్లినా మొదట వూఫర్, ఆండ్రాయిడ్ స్క్రీన్ చూపిస్తారు. డోర్ షీట్ల మాట మనం అడిగితే తప్ప ఎత్తరు. బేరం తెలుగులోనే ఆడొచ్చు, ఆ ఇబ్బంది మాత్రం లేదు.

పికప్‌లో ముందు లెక్కలోకి తీసుకోవాల్సింది ఇంజన్ మోత. నాలుగు సిలిండర్ల ఫోర్‌స్ట్రోక్ డీజిల్ ఒక్కో చుట్టుకి రెండుసార్లు మండుతుంది. ఐడిలింగ్‌లో 800 ఆర్‌పీఎం అంటే సెకనుకి 27 సార్లు. హైవే మీద 2,000 దగ్గర సెకనుకి 67, అంటే 67 హెర్ట్జ్. పాటలో కిక్ డ్రమ్ము, బేస్ గిటారు ఉండేది సరిగ్గా అక్కడే. అందుకే నిలబడ్డ బండిలో అదిరిపోయే బేస్ హోస్కోటె దాటగానే మాయమైపోతుంది. బేస్ నాబ్ ఇంకా తిప్పితే ఇంజన్‌తో పోటీ పడ్డట్టే, గెలిచేది ఇంజనే. చేయగలిగింది రేకు మోత తగ్గించడం, పైన మాట, పాట స్పష్టంగా వినపడేలా చూసుకోవడం. ఇంకో సంగతి, సింగిల్ క్యాబ్ చిన్న గది కాబట్టి కింది శబ్దాలు దానంతటదే పెంచుతుంది. 8 అంగుళాలకి మించిన వూఫర్ ఇక్కడ వృథా, పైగా పెట్టడానికి చోటూ లేదు.

డోర్ పని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. డోర్ ప్యాడ్ విప్పితే లోపల ప్లాస్టిక్ షీటు, దాని వెనక పెద్ద పెద్ద కోతలున్న లోపలి రేకు, ఆ వెనక బయటి రేకు కనిపిస్తాయి. స్పీకర్ కోన్ ముందుకి తోసిన గాలి, వెనక్కి తోసిన గాలి ఆ కోతల్లోంచి కలిసిపోతే బేస్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. కాబట్టి షీట్ పని రెండు పొరలు. మొదట బయటి రేకుకి లోపలివైపు 2 మిల్లీమీటర్ల బ్యూటైల్ (జిగురు రబ్బరు) షీట్. రేకు మొత్తం కప్పక్కర్లేదు, నడుమ భాగం సగం దాకా చాలు. రెండోది లోపలి రేకు కోతలు మూయడం. పెద్ద కోతల మీద ఊరికే షీట్ అంటిస్తే నెలలో సాగి వేలాడుతుంది. పల్చటి అల్యూమినియం రేకు కోసి, స్క్రూలతో బిగించి, దాని మీద షీట్ వేయాలి. రివెట్లు కొట్టొద్దు, రేపు గ్లాసు మెషిన్ పోతే మళ్లీ విప్పాల్సింది అక్కడే.

అంటించే ముందు థిన్నర్‌తో రేకు తుడిచి ఆరనివ్వాలి. షీట్ మీద అచ్చుగుద్దిన గళ్లు పూర్తిగా అణిగేదాకా ఇనుప రోలర్ ఆడించాలి. గళ్లు కనిపిస్తున్నాయంటే కింద గాలి ఉన్నట్టే. చవగ్గా దొరికే తారు షీట్లు వేస్తే ఎండాకాలం వాసన, కారడం. అడుగున రెండు అంగుళాలు వదిలేయండి. అక్కడి నీటి రంధ్రాలు మూసుకుంటే డోర్ తొట్టెలా నిండి, అడుగునుంచి తుప్పు పట్టుకొస్తుంది. పని సరిగ్గా అయిందో లేదో పాట పెట్టక ముందే తెలుస్తుంది. డోర్ వేస్తే అంతకుముందు ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు ఉండేది, ఇప్పుడు బియ్యం బస్తా కింద పడేసినట్టు "దబ్" మంటుంది.

స్పీకర్ కొనే ముందు గ్లాసు పూర్తిగా దించి, రేకు నుంచి గ్లాసు దాకా లోతు కొలవండి. ఆరున్నర అంగుళాల వాటికి సాధారణంగా 55 నుంచి 65 మిల్లీమీటర్లు కావాలి. చాలకపోతే స్పేసర్ రింగు వేస్తారు. షాపులో ఇచ్చేది చెక్కపొడి అతికి చేసిన ఎండీఎఫ్ రింగు. ఇది ఒక్క వానాకాలంలో బిస్కెట్లా ఉబ్బిపోయి స్క్రూలు వదిలేసింది. దాని స్థానంలో 12 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్ రింగు, అంచులకి రెండు కోట్లు పెయింట్ పడింది. రెండేళ్లుగా చెక్కుచెదర్లేదు. గ్లాసు అంచు రబ్బరు ఎంత కొత్తదైనా నీళ్లు డోర్‌లోకి దిగుతాయి. ఐదు లీటర్ల ఆయిల్ డబ్బా కోసి స్పీకర్ అయస్కాంతం పైన గొడుగులా పెడితే చాలు, దానికి కొన్న సరుకేమీ అక్కర్లేదు. కోన్ మాత్రం కాగితంది వద్దు, పాలీప్రొపిలీన్‌ది తీసుకోండి.

ఇక వైరింగ్. పైన పటారం, లోన లొటారం అనే మాట యాంప్ వైరింగ్ కిట్ల కోసమే పుట్టిందనిపిస్తుంది. వేలు లావు ప్లాస్టిక్ లోపల పెన్సిల్ ములుకంత తీగ, అదీ రాగి పూత పూసిన అల్యూమినియం. తీగని బ్లేడుతో గీకితే తెల్లగా బయటపడుతుంది. లెక్క ఇలా చూసుకోండి. యాంప్ రెండు ఛానళ్లూ కలిపి 120 వాట్ల ఆర్‌ఎంఎస్ (నిలకడగా ఇచ్చే శక్తి). క్లాస్ ఏబీ రకం, కొంత కరెంటు వేడిగా పోతుంది కాబట్టి బ్యాటరీ నుంచి 200 వాట్ల దాకా లాగుతుంది, 13.8 వోల్టుల దగ్గర అది పద్నాలుగున్నర ఆంపియర్లు. సబ్‌వూఫర్ 150 వాట్లు, వృథా తక్కువుండే క్లాస్ డీ, దానికి మరో 14. మొత్తం 28 ఆంపియర్ల చిల్లర. మూడు మీటర్ల 8 గేజ్ అసలు రాగి తీగ, అంటే సుమారు 8.4 చదరపు మిల్లీమీటర్లది, ఈ లోడు మీద 0.17 వోల్టులు మాత్రమే పోగొడుతుంది. మెయిన్ ఫ్యూజ్ 40 ఆంపియర్లు, బ్యాటరీ నుంచి 45 సెంటీమీటర్ల లోపే ఉండాలి. ఫ్యూజ్ కాపాడేది యాంప్‌ని కాదు, తీగని. బానెట్ నుంచి క్యాబిన్‌లోకి వచ్చే చోట రేకు అంచుకి తీగ రాసుకుని షార్టయితే మంట అక్కడే మొదలవుతుంది. అక్కడ రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకి తొడిగే రింగు) లేకుండా ఏ మెకానిక్ తీగ లాగినా ఒప్పుకోవద్దు.

డెక్ వెనక రంగులు తెలిసినవే. పసుపు నేరుగా బ్యాటరీకి, ఎరుపు కీ తిప్పితే వచ్చేదానికి, నలుపు ఎర్త్, నీలం మీద తెల్ల గీత యాంప్ ఆన్ చేసేది. పసుపు, ఎరుపు తారుమారైతే బండి ఆపినప్పుడల్లా సెట్టింగులన్నీ చెరిగిపోతాయి. కంపెనీ కప్లర్ (బండితో వచ్చిన తీగల ప్లగ్గు) కోయనివ్వకండి, అడాప్టర్ కప్లర్ కొంటే సరి. తీగలు మెలిపెట్టి ఇన్సులేషన్ టేపు చుడితే మన ఎండకి జిగురు కారి టేపు జారిపోతుంది. సోల్డర్ కూడా ఈ బండికి అంత మంచిది కాదు. సోల్డర్ తాగిన తీగ బిరుసెక్కి, అదురుకి ఆ అంచు దగ్గరే తెగుతుంది. క్రింప్ కొట్టి (లోహపు గొట్టంలో తీగలు పెట్టి నొక్కి), వేడికి బిగుసుకునే హీట్ ష్రింక్ స్లీవ్ వేసిన జాయింట్లలో ఇప్పటిదాకా ఒక్కటీ వదల్లేదు. డెక్‌కి వెనక పట్టీ కూడా తప్పనిసరి. ముందు ఫ్రేము క్లిప్పుల మీద మాత్రమే వేలాడితే గుంతల రోడ్డు మీద డెక్ ఊగి, వెనక కనెక్షన్లన్నీ వదులవుతాయి.

ఈ సెట్‌లో వచ్చిన పెద్ద తంటా ఎర్త్‌ది. బిగించిన షాపువాళ్లు యాంప్ నెగటివ్‌ని సీటు బోల్టుకి తగిలించారు. అందరూ చేసేది అదే, సులువు కదా. మొదటి వానాకాలంలో బేస్ గట్టిగా పడ్డప్పుడల్లా యాంప్ ప్రొటెక్ట్ లైటు వెలిగి ఆగిపోవడం మొదలైంది. మల్టీమీటర్ ఒక కొన యాంప్ నెగటివ్ మీద, మరో కొన బ్యాటరీ నెగటివ్ మీద పెట్టి పాట మోగించి చూస్తే 0.6 వోల్టులు. సీటు బోల్టు కింద పెయింటు, తుప్పు, పైగా మనిషి బరువుకి కదిలే జాయింటు. దాన్ని తీసేసి, సీటు వెనక నేల రేకుని నాణెమంత మేర మెరిసేదాకా గీకి, ఎం8 బోల్టు, పళ్ల వాషర్, క్రింప్ చేసిన లగ్ (తీగ కొనకి ఉంగరం) పెట్టి, పైన పెట్రోలియం జెల్లీ రాస్తే అదే పాటకి 0.07 వోల్టులు. యాంప్ అప్పటినుంచి ఆగలేదు. యాక్సిలరేటర్‌తో పాటు కీచుమని పెరిగే ఆల్టర్నేటర్ ఈల కూడా చాలావరకు అక్కడే పోయింది. మిగిలిన కొంచెం, పవర్ తీగని కుడి పక్కకీ, డెక్ నుంచి యాంప్‌కి పాట మోసే ఆర్‌సీఏ తీగల్ని ఎడమ పక్కకీ విడదీశాక పోయింది.

గెయిన్ అంటే వాల్యూమ్ కాదు, డెక్ సిగ్నల్‌కి తగ్గట్టు యాంప్‌ని సరిచేసే నాబ్. చాలాచోట్ల దాన్ని చివరిదాకా తిప్పి పంపేస్తారు, యాంప్ శక్తికి మించి శబ్దం కొసలు తెగిపోయే ఆ క్లిప్పింగ్‌కి మొదట కాలేది ట్వీటర్లు. మీటర్ ఉంటే పది నిమిషాల పని. స్పీకర్ తీగలు యాంప్ నుంచి పీకేసి, డెక్‌లో ఈక్వలైజర్, లౌడ్‌నెస్ ఆపి, 40లో 30 దగ్గర వాల్యూమ్ పెట్టి, పెన్‌డ్రైవ్‌లోంచి 0 డీబీ టోన్ (పూర్తి స్థాయిలో రికార్డైన పరీక్ష శబ్దం) మోగించాలి. వాట్లని ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీస్తే రావాల్సిన ఏసీ వోల్టేజీ వస్తుంది. ఛానల్‌కి 60 వాట్లు, 4 ఓమ్‌లు అయితే 15.5 వోల్టులు. అందరూ 1,000 హెర్ట్జ్ టోన్ అంటారు కానీ చవక మీటర్లు చాలామటుకు 400 దాటాక తప్పు చూపిస్తాయి. 400 హెర్ట్జ్ టోన్‌తో చేయండి. ఆ తర్వాత 30 దాటి వాల్యూమ్ పెంచకూడదు.

డోర్లకి హైపాస్ (ఆ అంకెకి కిందున్న శబ్దాల్ని ఆపేది) మొదట 80 హెర్ట్జ్ దగ్గర ఉండేది. ప్యాడ్ క్లిప్పులు గొణుగుతుంటే 100కి జరిగింది. సబ్ లోపాస్ (పైనున్న శబ్దాల్ని ఆపేది) 80. ఫేజ్ స్విచ్ (సబ్ కోన్ కదిలే దిశ తిరగేసేది) రెండువైపులా వేసి, డ్రైవర్ సీట్లో కూర్చుని బేస్ నిండుగా వినిపించిన వైపు వదిలేయండి. డెక్‌లో టైమ్ అలైన్‌మెంట్ (దగ్గరి స్పీకర్‌ని కాస్త ఆలస్యంగా పలికించేది) ఉంటే వాడుకోండి. కుడి డోర్ స్పీకర్ చెవికి 80 సెంటీమీటర్లు, ఎడమది 140. శబ్దం 34 సెంటీమీటర్లకి ఒక మిల్లీసెకను తీసుకుంటుంది, కాబట్టి కుడిదాన్ని 1.75 మిల్లీసెకన్లు ఆపితే గాయకుడు మోకాలి దగ్గర్నుంచి డ్యాష్‌బోర్డు మధ్యలోకి వస్తాడు.

రేడియో వినేవాళ్లకి ఒక మాట. కొన్ని డెక్‌లు అమెరికా రీజియన్‌లో వస్తాయి, ట్యూనర్ 0.2 చొప్పున బేసి అంకెలమీదే ఆగుతుంది. బెంగళూరులో ఆకాశవాణి రెయిన్‌బో 101.3, వివిధభారతి 102.9 హాయిగా పలుకుతాయి కాబట్టి తేడా తెలియదు. చెన్నైలో రెయిన్‌బో 101.4, అది దొరకనే దొరకదు. యాంటెన్నా మార్చి డబ్బు తగలేసే ముందు సెట్టింగ్స్‌లో రీజియన్ మార్చి చూడండి. పెన్‌డ్రైవ్ 32 జీబీది, ఎఫ్ఏటీ32 ఫార్మాట్ అయితే గొడవ లేదు.

యార్డులో లోడు కోసం గంటలు గంటలు ఇంజన్ ఆపి వినేవాళ్లకి బ్యాటరీ సంగతి. మామూలు వాల్యూమ్‌లో ఈ సెట్ మొత్తం 4, 5 ఆంపియర్లు లాగుతుంది. నాలుగు గంటలంటే 20 ఆంపియర్ అవర్లు. నిండు బ్యాటరీ 12.6 వోల్టులు, 12.2 అంటే సగమైనట్టు, అక్కడ ఆపాలి. సిగరెట్ లైటర్‌లో పెట్టే చిన్న వోల్ట్‌మీటర్ చాలు. సెల్ఫ్ తిరగక తెల్లవారుజామున టమాటా లోడు పక్కన నిలబడటం కంటే మేలు.

సబ్ విషయంలో సంతృప్తి సగమే. పెట్టె ఎత్తు 7 సెంటీమీటర్లే కానీ మనిషి కూర్చుంటే సీటు మరో రెండు సెంటీమీటర్లు దిగుతుంది, అది కలిపి కొలవాలి. జాకీ, వీల్ స్పానర్ జారొచ్చి పెట్టె మూల పగలగొట్టాయి, వాటిని ఇప్పుడు గోనెసంచిలో చుట్టి కట్టడమే. ఉల్లిపొట్టు, సిమెంటు దుమ్ము యాంప్ రెక్కల మధ్య పేరుకుంటాయి. మూణ్ణెల్లకోసారి పెయింట్ బ్రష్‌తో దులిపితే చాలు. పంక్చర్ షాపు గాలి కొడితే అందులోని తేమ కూడా లోపలికే పోతుంది. యాంప్‌ని నేల రేకుకి నేరుగా బిగించకుండా ప్లైవుడ్ ముక్క మీద, సీటు వెనక గోడకి నిలువుగా పెట్టాం కాబట్టి నీళ్లు, వేడి తగల్లేదు. నాలుగో నెలలో ఎడమ స్పీకర్ గరగరలాడింది, చూస్తే ఆర్‌సీఏ పిన్ను అదురుకి సగం బయటికొచ్చింది. రెండు పిన్నుల్నీ కలిపి యాంప్ ఒంటికి కేబుల్ టై వేస్తే పోయింది.

ఇంకా పోనిది ఒక్కటే. ఎడమ డోర్‌లో లాక్ రాడ్డు 110 హెర్ట్జ్ దగ్గర టకటకలాడుతుంది. ఫోమ్ టేపు చుట్టినా ఆర్నెల్లకి అరిగిపోతోంది. అదీ బండి ఖాళీగా ఉన్నప్పుడే. కమాన్ పట్టీలు లోడు పడితేనే మెత్తగా ఆడతాయి, ఖాళీ బండి రాయిలా ఎగురుతుంది. మదనపల్లె నుంచి టమాటాతో వచ్చేటప్పుడు 18 దగ్గర సరిపోయే వాల్యూమ్, ఖాళీగా వెళ్లేటప్పుడు 23 దాకా పెంచాల్సిందే.