పీఎస్ వీటా హ్యాక్ చేసి ఏడేళ్లు వాడాక, మెషిన్ గురించి కొంత, పైరసీ గురించి ఎక్కువ

నాది సోనీవాళ్ల చేతిలో పట్టుకుని ఆడే గేమ్ మెషిన్ పీఎస్ వీటా, పాత మోడల్, ఓఎల్‌ఈడీ స్క్రీన్‌ది, 2013లో నాన్న కొనిచ్చారు. 2018లో హెచ్-ఎన్‌కోర్ అనే హ్యాకింగ్ టూల్ వచ్చాక హ్యాక్ చేశా, మరుసటేడు మొడొరు అనే టూల్‌తో పాత సాఫ్ట్‌వేర్ వెర్షన్ 3.65కి దిగి, హ్యాక్‌ని శాశ్వతం చేసే ఎన్సో వేసుకున్నా, అప్పట్నించి ఆపి ఆన్ చేసినప్పుడల్లా మళ్లీ హ్యాక్ రన్ చేసే బాధ పోయింది. స్క్రీన్ ఇప్పటికీ సూపరు. బ్యాటరీ మాత్రం తగ్గింది, రత్నాచల్‌లో విజయవాడ వెళ్తే రాజమండ్రికల్లా పవర్‌బ్యాంక్ తియ్యాల్సిందే. మాది వైజాగ్‌లో పెదవాల్తేరు, సముద్రం గాలికి స్లాట్ పిన్నులు మసకేస్తాయి, ఆర్నెల్లకోసారి ఐసోప్రొపైల్‌తో తుడుస్తా. ఎస్‌డీటూవీటా అడాప్టర్ కొంచెం లూజు, వెనక టేపు ముక్క అంటించాక ఎర్రర్లు ఆగాయి.

ఆ అడాప్టర్ దగ్గరే అసలు గొడవ. సోనీ సొంత మెమరీ కార్డు తప్ప మామూలు కార్డు వీటాకి పట్టదు, అవేమో మండిపోయే రేటు, అందుకని మైక్రోఎస్‌డీని ఈ అడాప్టర్‌లో పెట్టి గేమ్ కార్డు స్లాట్‌లో దూరుస్తాం, దాంతో కొనుక్కున్న గేమ్ కార్డు పెట్టడానికి చోటుండదు. నా తొమ్మిది గేమ్ కార్డులూ డబ్బులిచ్చి కొన్నవే, వాటిని డంప్ చేసుకుని, అంటే ఫైళ్లుగా కాపీ తీసుకుని ఆడాలంటే, కాపీ తాళాన్ని దాటించే నోఎన్‌పీడీఆర్‌ఎం ప్లగిన్ కావాలి, పైరసీ చేసేవాడికి కావాల్సిందీ అదే ప్లగిన్.

2016 జులైలో హెన్‌కాకు అనే వీటా హ్యాక్ వదిలినప్పుడు టీమ్ మాలిక్యూల్ వాళ్లు సొంతంగా రాసుకున్న ప్రోగ్రాములకే, అంటే హోమ్‌బ్రూకే, తలుపు తీశారు, దొంగ గేములకి కాదు. నెల తిరిగేలోపు ఆగస్టులోనే వేరేవాళ్లు వైటమిన్ అనే డంపర్ తెచ్చేశారు. 2017లో నోఎన్‌పీడీఆర్‌ఎం రాసిన దిఫ్లో అనే ప్రోగ్రామర్, నువ్వు కొన్న గేములు దాచుకోడానికే, సొంత వాడకానికే అని పైనే రాసి పెట్టాడు. అదంతా చేతులు దులుపుకోడం అని చాలామంది అంటారు, మొదట్లో నేనూ అలగే అనుకున్నా. మొదటి ఏడాది పైరసీ కూడా చేశా, దాచను, 64 జీబీ కార్డు నిండా నింపా, చివరిదాకా ఆడినవి రెండే.

మారింది 2021లో. దిఫ్లోనే శాన్ ఆండ్రియాస్ ఆండ్రాయిడ్ వెర్షన్ కోడ్‌ని వీటాలో నడిచేలా చేశాడు. ఇచ్చింది ఆ కోడ్‌ని నడిపించే లోడర్ ఒక్కటే, గేమ్ డేటా మనం కొన్న కాపీలోంచి తెచ్చుకోవాలి. హ్యాకింగ్ నేర్పిన సీతమ్మధార అన్నని డేటా అడిగితే, "కొనుక్కుని రా, కాపీ చెయ్యడం నేను నేర్పుతా" అన్నాడు. కొన్నా. ఫోన్ కోసం కట్టిన కోడ్‌ని వీటాలో నిలబెట్టడానికి ఒక మనిషి పైసా తీసుకోకుండా ఎంత పని చేశాడో చూశాక, అతను పెట్టిన ఒక్క షరతు కూడా పాటించకపోడం నాకు సిగ్గనిపించింది.

కానీ ఈ హ్యాకింగ్ లోకంలో అందరూ ఒకే మాట మీద ఉండరు, అది నాకు నచ్చదు. వీటా గేమ్ లింక్ అడిగిన కొత్త కుర్రాణ్ణి తిట్టేవాళ్లే, వీటాలో పాత పీఎస్‌పీ మెషిన్ గేములు నడిపే ఎడ్రినలిన్‌లో ఆ గేములు పదులకొద్దీ వేసుకుని, పాతవి కదా ఎవరికి నష్టం అంటారు. పాతవైనా స్టోర్‌లో అమ్ముతున్నవి ఉన్నాయి. 2021 మార్చిలో సోనీ వీటా స్టోర్ మూసేస్తామంది, ఏప్రిల్‌లో మానుకుంది, అక్టోబర్‌లో మెషిన్‌లోంచి నేరుగా కార్డుతో కట్టే దారి తీసేసింది, ఇప్పుడు వాలెట్‌లో డబ్బులు బయట్నించి వేసుకుని కొనాలి. తిప్పలే, అయినా దారుంది, కాబట్టి కొంటా. ఎక్కడా అమ్మకానికి లేని గేమ్‌ని డంప్ చేసి దాచేవాళ్లని మాత్రం నేను దొంగలనను.

నాకు ఒళ్లు మండేది ఇంకోటి. డాబాగార్డెన్స్ వైపు ఒక షాపాయన, ఊరికే దొరికే ఈ సాఫ్ట్‌వేరే ఎక్కించి, కార్డు నిండా గేములు పోసి రెండు వేలు తీసుకుంటున్నాడు. ఉత్త హోమ్‌బ్రూ చాలన్నా అంటే "ఏటి బాబూ, గేములు లేకండా హ్యాక్ ఎందుకు?" అన్నాడు. నింటెండో వీ మెషిన్ హోమ్‌బ్రూ ఇన్‌స్టాలర్ తెరవగానే, దీనికి డబ్బులు కట్టుంటే మోసపోయారు, వెనక్కడగండి అని హెచ్చరిక వస్తుంది. నింటెండో స్విచ్‌కి ఎస్ఎక్స్ ఓఎస్ అనే పైరసీ హ్యాక్ అమ్మిన టీమ్ ఎక్జెక్యూటర్ ముఠాలో గ్యారీ బౌజర్ అనే అతనికి 2022లో 40 నెలల జైలు పడింది. అదే స్విచ్‌కి ఊరికే ఇచ్చే అట్మాస్ఫియర్ అనే హ్యాక్‌లో పైరసీకి కావాల్సిన ప్యాచులు అసలు పెట్టనే లేదు, ఆ తేడా ఈ షాపాయనకి చెప్పబోతే వినిపించుకోలేదు.

మొన్న మా బావమరిది తన వీటా తెచ్చాడు, గేములు వెయ్యి బావా అని. ఎన్సో వేసి, ఫైల్ మేనేజర్ వీటాషెల్ పెట్టి, శాన్ ఆండ్రియాస్ లోడర్ ఎక్కించి ఇచ్చా. డేటా ఫోల్డర్ ఖాళీగానే ఉంచా, జీతం పడ్డాక కొంటానన్నాడు.