గ్లవ్ బాక్స్‌లో ఆరేళ్లుగా ఉన్న తొమ్మిది వందల స్కానర్

నా బండి 2011 మోడల్ టర్బో డీజిల్. ఏ కంపెనీదో చెప్పి తగవు తెచ్చుకోను. అప్పట్లో హైదరాబాద్‌లో రిజిస్టర్ అయింది కాబట్టి ఇప్పటికీ ఏపీ నంబరు ప్లేటే. సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు మీటరు 72 వేలు, ఇప్పుడు లక్షా 70 వేలు దాటింది. సమీక్ష మాత్రం దాని స్టీరింగ్ కింద తగిలించే నీలం డబ్బాది: ఈఎల్‌ఎం 327 రకం బ్లూటూత్ ఓబీడీ స్కానర్, అంటే ఇంజిన్ కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లను, అంకెలను ఫోన్‌లోని యాప్‌కు పంపేది. ఆరేళ్ల కింద 900 రూపాయలకు కొన్నాను. కొనాల్సి వచ్చింది శ్రీశైలం వల్ల.

దర్శనం చేసుకుని సాయంత్రం తిరిగొస్తున్నాం. డ్యామ్ దాటి ఈగలపెంట వైపు మలుపులు ఎక్కుతుంటే ఒక్కసారిగా పికప్ పోయింది. యాక్సిలరేటర్ నేలకు తొక్కినా రెండో గేరులో ఈడ్చుకుంటూ వెళ్తోంది. చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. దోమలపెంట చెక్‌పోస్టులో రాత్రి 9కి గేటు వేసేస్తారు, వెనక సీట్లో పిల్లలు, ఇక టెన్షన్ గురించి చెప్పేదేముంది. పక్కకు ఆపి, తాళం తీసి, రెండు నిమిషాలాగి మళ్లీ స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టు లాగింది. మళ్లీ పది కిలోమీటర్లకు అదే కథ.

మర్నాడు ఒక వర్క్‌షాపులో స్కానర్ పెట్టి, 'పి0299 సార్, టర్బో పోయింది, 58 వేలవుతుంది' అన్నారు. ఆ కోడ్‌కు అర్థం బూస్ట్, అంటే టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి, తక్కువగా వస్తోందని మాత్రమే. అది టర్బో వల్లా, పైపు వల్లా, సెన్సార్ వల్లా అన్నది కోడ్ చెప్పదు. ఆరేళ్లలో ఈ డబ్బా నాకు నేర్పిన ముఖ్యమైన సంగతి ఇదే: కోడ్ చూసి సామాను మార్చకూడదు, బండి లాగుతున్నప్పుడు అంకెలు చూడాలి.

ముందు సెన్సార్ నిజం చెబుతోందో లేదో చూసుకోవాలి. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం ఆన్ చేస్తే, మానిఫోల్డ్ ప్రెషర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి, బూస్ట్ చూసేది దీంట్లోనే) అంకె బయటి గాలి ఒత్తిడితో సరిపోవాలి. హైదరాబాద్ ఎత్తులో సుమారు 95 కిలోపాస్కల్, విజయవాడలో 100 పైచిలుకు. నా బండి 95 చూపించింది, అంటే సెన్సార్ మంచిదే. తర్వాత బావమరిదిని పక్కన కూర్చోబెట్టుకుని అవుటర్ మీదికి తీసుకెళ్లాను. నడిపేవాడు ఫోన్ చూడకూడదు, ఈ పనికి ఇద్దరుండాల్సిందే. పొద్దున బండి చల్లగా ఉన్నప్పుడు మూడో గేరులో గట్టిగా తొక్కితే 205. గంట తిరిగి వేడెక్కాక అదే గేరు, అదే తొక్కుడు: 'నూట ఎనభై... నూట నలభై... పడిపోయింది బావా!' లైటు వెలిగింది.

అదే సమయంలో రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకు వెళ్లే డీజిల్ ఒత్తిడి) మాత్రం బుద్ధిగా పెరిగి 1,30,000 కిలోపాస్కల్ దాకా వెళ్లింది. యాప్ అలా చూపిస్తుంది, మన లెక్కలో 1,300 బార్. అంటే డీజిల్ అందుతోంది, గాలే అందట్లేదు. చల్లగా ఉన్నప్పుడు 205 ఇచ్చే టర్బో వేడెక్కగానే పాడైపోతుందా? నాకు నమ్మబుద్ధి కాలేదు.

అంకెలు చూపించాక మా కాలనీ మెకానిక్ బానెట్ ఎత్తి, బండి స్టార్ట్ చేయమని టర్బో పక్కనున్న యాక్చుయేటర్ రాడ్డు చూశాడు. ఈ రకం టర్బోలో వాక్యూమ్ (గొట్టంలో గాలిని పీల్చే శక్తి) ఆ రాడ్డును లాగితేనే లోపలి రెక్కలు మూసుకుని బూస్ట్ పెరుగుతుంది. స్టార్ట్ కాగానే రాడ్డు చటుక్కున కదలాలి. మాది బద్ధకంగా సగం కదిలింది. వాక్యూమ్ గొట్టం మీద చెయ్యి పెట్టి తడుముతూ వెళ్తే, టర్బో వేడి తగిలే మలుపు దగ్గర వెంట్రుకంత పగులు. వేడికి మెత్తబడి అది తెరుచుకునేది. మీటరున్నర సిలికాన్ గొట్టం 180 రూపాయలు, కూలీ 300. ఆ పగులు దొరికింది డబ్బాకు కాదు, మెకానిక్ వేలికి. కానీ ఆ వేలు ఎక్కడికి వెళ్లాలో డబ్బానే చెప్పింది.

తర్వాత ఇంకో రెండుసార్లు పికప్ పోయింది. ఒకసారి కోడే రాలేదు. నల్లపొగ, తొక్కినప్పుడు బుస్సుమనే శబ్దం, బూస్ట్ 150 దాటట్లేదు. ఇంటర్‌కూలర్ హోస్ (టర్బో గాలిని చల్లబరిచే భాగానికి ఉండే పైపు) అడుగున చీలింది, అక్కడ నూనె తడికి దుమ్ము పట్టేసి ఉంది. ఇంకోసారి బూస్ట్ బాగానే ఉంది, గట్టిగా తొక్కితే రైల్ ప్రెషర్ సగానికి పడిపోయింది. డీజిల్ ఫిల్టర్ మార్చి ఎన్నాళ్లయిందో లెక్క చూస్తే తప్పు నాదే.

ఇక డబ్బా మీద ఫిర్యాదులు. నెమ్మది. ఒకేసారి పది అంకెలు పెడితే సెకనుకు ఒకటి కూడా సరిగా రాదు, అందుకే ఆర్‌పీఎం, బూస్ట్, రైల్ ప్రెషర్ మూడే పెడతాను. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ జోలికి వెళ్లదు. తగిలించి వదిలేసి ఊరెళితే ఐదు రోజులకు బ్యాటరీ డౌన్ అయింది, నెట్టి స్టార్ట్ చేసుకున్నాం. కోడ్ చెరిపేసే బటన్ మరీ చేతికందేలా ఉంటుంది. మొదటి వారమే తొందరపడి నొక్కేశాను. కోడ్‌తోపాటు, లోపం వచ్చిన క్షణంలో ఇంజిన్ స్థితిని దాచిన ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోయింది. ఇప్పుడు ముందు స్క్రీన్‌షాట్, తర్వాతే చెరపడం.

కొనేవాళ్లు బండి సంవత్సరం చూసుకోండి. మన దేశంలో బీఎస్4 కాలుష్య ప్రమాణం మొదట 2010 ఏప్రిల్‌లో 13 నగరాలకు వచ్చింది, హైదరాబాద్ అందులో ఒకటి. బండి తన లోపాలను తానే పసిగట్టి చెప్పాలనే ఓబీడీ-2 నిబంధన 2013 ఏప్రిల్ నుంచి. నా 2011 బండి పలికింది కానీ, మా బాబాయి గారి 2009 బండికి ఇదే డబ్బా తగిలిస్తే నీలం లైటు వెలగడం తప్ప ఒక్క అంకె రాలేదు. వెర్షన్ 2.1 అని రాసున్న చవక డబ్బాల్లో కొన్ని పాత బండ్లు మాట్లాడే ప్రోటోకాల్స్‌ను (డేటా భాషలను) అసలు పలకరించవు. నేను మొదట కొన్నది అలాంటిదే, వాపసు ఇచ్చి 1.5 తెచ్చుకున్నాను. మీ మోడల్ బండి ఉన్నవాళ్ల దగ్గర ఒకసారి అడిగి తగిలించి చూసి, తర్వాతే డబ్బులు పెట్టండి.